బిజిలీ కొట్టం దాకా

బండి బురదలో ఎందుకు కూరుకుపోతుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. టైర్లలో గాలి ఎక్కువుంటే టైరు బిర్రుగా నిలబడి మట్టిని కోసుకుంటూ కిందికి దిగుతుంది, గాలి కొంచెం తీస్తే చపాతీలా పరుచుకుని బరువును పంచుతుంది. మరీ మెల్లగా పోతే ఊపు చాలక మధ్యలో ఆగుతుంది, మరీ జోరుగా పోతే ముందు చక్రాలు ఎగిరి స్టీరింగ్ మన మాట వినదు. ఈ రెంటి మధ్య ఒక వేగం ఉంటుంది, ఒక్కో బురదకి ఒక్కో వేగం, దాన్ని పట్టుకోవడంలో ఉన్న మజా ఇంకెక్కడా లేదు. ఇదంతా నేను నేర్చుకున్నది గౌలిపురలో మా ఇంటి మధ్యగదిలో, అమ్మ కుట్టుమిషను బల్లకి బిగించిన పాత స్టీరింగు, కింద మూడు పెడళ్ళు, ముందు లాప్‌టాప్‌తో. నిజం బురదలో నిజం బండిని ఇంతవరకు నడపలేదు. లైసెన్సు కోసం మైదానంలో ఎనిమిది అంకె తిప్పాను, అంతే.

నేనాడే గేమ్‌లో గెలవడం ఓడడం లేవు. కొండ ఉంటుంది, వాగు ఉంటుంది, బండి ఉంటుంది, దాటాలి. అందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే బండినీ రోడ్డునీ మనమే తయారు చేసుకోవచ్చు. మట్టి ఎంత మెత్తన, స్ప్రింగు ఎంత గట్టి, వెనక ఎంత బరువు, అన్నీ అంకెలే. అంకె సరిగ్గా పడితే బండి నిజం బండిలాగే మూలుగుతుంది. మా బాపు పత్తర్‌గట్టి బట్టల షాపు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, "ఏం బిడ్డా, ఇయ్యాల ఎన్ని బండ్లు మునిగినయ్" అని అడుగుతాడు. ఇంట్లో దీని విలువ అంతవరకే. తాతకి నడుం ఆపరేషన్ అయ్యేదాకా అంతే.

తాత పేరు నర్సింహ. మాది పాల ఇల్లు. ఇప్పుడు నా స్టీరింగు ఉన్న గది ఒకప్పుడు దాణా బస్తాల గది, వెనక వాకిట్లో బర్రెలు ఉండేవట. గల్లీ ఇరుకైంది, చుట్టూ మేడలు లేచాయి, బర్రెలు ఊరవతలికి పోయాయి. కందుకూరు దాటి డాంబర్ రోడ్డు దిగాక, మట్టిబాట చివర కౌలుకి తీసుకున్న జాగాలో మా కొట్టం ఉంది. బాపు తమ్ముడు మహేష్ కాక అక్కడే ఉంటాడు, తెల్లారి పాలు పిండి పికప్ బండిలో తెచ్చి మొఘల్‌పురా దాకా పోసి పోతాడు. తాత రోజూ ఆ బండిలో కొట్టానికి పోయేవాడు, సాయంత్రానికి మళ్ళీ ఇంటికి వచ్చేవాడు. మొన్న ఎండాకాలం ఆఖర్లో కొట్టంలో కాలు జారి వెల్లకిలా పడ్డాడు. వెన్నులో ఇనుప కడ్డీ, మరలు. మూడు నెలలు కుదుపు తగలొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కూర్చోవచ్చు, ఇంట్లో నాలుగడుగులు నడవచ్చు, బండి మాత్రం ఎక్కొద్దు.

మూడు నెలలు ఆగితే పోయేది. కానీ బిజిలీ ఆగదు.

బిజిలీ మా బర్రె. మా గల్లీలో పుట్టిన ఆఖరి దూడ. ఆ పూట కరెంటు పోయిందట, లాంతరు పట్టుకుని అందరూ వాకిట్లో నిలబడ్డారట, దూడ నేల మీద పడడం, కరెంటు రావడం ఒక్కసారే అయిందట. ఉర్దూలో కరెంటుని బిజిలీ అంటారు, అందుకే ఆ పేరు. ఎన్ని ఈతలు ఈనిందో అన్నిసార్లూ తాత పక్కన ఉన్నాడు. చేతి మీద చెయ్యి వేసినట్టు దాని మెడ మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి ఏదో మాట్లాడతాడు, అది కళ్ళు మూసుకుని ఈనుతుంది. ఇప్పుడు మళ్ళీ నిండు చూడిది. పది రోజులో పక్షమో అన్నట్టుంది. వయసు మీద పడింది, ఇదే ఆఖరి ఈత అని కాక అంటున్నాడు.

ఒక పొద్దున కాక పాలు పోసి, క్యాన్లు కడుక్కోవడానికి ఇంటికి వచ్చాడు. తాత ముందుగదిలో చెక్కమంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు.

"మహేషా, ఇయ్యాల నన్ను ఏస్కపో."

కాక తాత వైపు చూడలేదు, నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ సత్తెమ్మ గడపలో కూర్చుని మెంతికూర తెంపుతోంది.

"పో," అంది తల ఎత్తకుండా. "పోయి ఆడనే ఉండు. నడుముల ఇనుము ఊడి బర్రె మెడల గంట లెక్క మోగుతది."

"అది ఈనేటప్పుడు నేను లేంది ఎన్నడన్న ఉన్నదా సత్తెమ్మా?"

"నేను నీ పోరగాండ్లను కన్నప్పుడు యాడున్నవో యాదున్నదా? పాలు పోస్త అని పోయినవ్. మొఘల్‌పురకు."

కాకకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గు కింద మార్చుకుని, "బాపూ, వీడియో కాల్ జేస్త. ఫోన్ దాని ముంగటనే పెడ్త, కడుపు నిండ సూడు" అన్నాడు.

"నేను దాన్ని సూసుడు గాదురా," అన్నాడు తాత. "అది నన్ను సూడాలె."

నేను ఊరుకోలేక, "పోనీ బిజిలీనే బండిలో ఇక్కడికి తెస్తే?" అన్నాను.

"నిండు సూడి బర్రెను బండి ఎక్కిస్తవా పోరీ? కుదుపుకు ఏమన్న అయితే?" అన్నాడు కాక.

"ఇద్దరికి ఒక్కటే మందు," అంది నాయనమ్మ. "కదలొద్దు."

తాత గోడ వైపు తిరిగాడు. తిరగడం అంటే మనలా కాదు, మంచం అంచు పట్టుకుని మొత్తం మనిషి ఒక చెక్కలా తిరగాలి. అది చూస్తుంటే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"కుదుపు లేకుండా పోయే దారి నేను కనిపెడతా. ఆ మట్టిబాట గేమ్‌లో కడతా. ఎంత వేగం, ఎంత గాలి, ఎంత బరువు అన్నీ లెక్క తీస్తా. కాక అట్లనే నడిపితే చాలు."

"గేమ్‌ల బండి బోల్తపడ్తే బటన్ నొక్కి లేపుతవ్," అన్నాడు కాక. "మీ తాతను ఏ బటన్ నొక్కి లేపాలె?"

నాయనమ్మ మాత్రం నవ్వలేదు. మెంతికూర పళ్ళెం పక్కన పెట్టి లేచింది. వాకిట్లో బోర్లించిన పాల క్యాను ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"కొత్త డ్రైవర్‌ను పెట్టుకునేటప్పుడు మా మామ ఏం జేస్తుండెనో ఎర్కనా? మూత లేని క్యాన్ల నిండ నీళ్ళు పోసి బండ్ల పెడ్తుండె. చార్మినార్ దాక పోయి రమ్మంటుండె. ఒలికినోడు ఇంటికి, ఒలకనోడు పనికి. మీ తాత గుడ గట్లనే పాసయిండు." క్యాను అంచు మీద వేలితో కొట్టింది. "మీ తాత కూసునే సీట్ల దీన్ని పెట్టున్రి. కొట్టం దాక పోయి రాన్రి. ఒలకకపోతే మనిషిని తీస్కపోన్రి. ఒలికితే నా మాటే. మళ్ళ లొల్లి వద్దు."

గోడ వైపున్న తాత వింటున్నాడని వీపు చూస్తే తెలుస్తోంది.

ఇక నాకు కాలు నిలవలేదు. మరుసటి రోజే కాలేజీ ఎగ్గొట్టి కాక బండిలో కొట్టానికి పోయాను. డాంబర్ దిగే చోట ఫోన్ సీటుకి గట్టిగా కట్టి, కుదుపులు గీతలుగా రాసే యాప్ ఆన్ చేశాను. బాట మొదట్లో ఎర్రమట్టి, గులకరాళ్ళు, బండి గలగలలాడుతుంది కానీ దిగబడదు. మధ్యలో చెరువు నీళ్ళు ఊరే చోట నల్లమట్టి, అదే అసలు శత్రువు, టైరు గాళ్ళన్నీ నింపేసి టైరుని గుండు చేసేస్తుంది. చివర కొట్టం ముందు ఒక మలుపు, చిన్న ఎత్తు. నేను దిగి బాటలో పడ్డ గాళ్ళ లోతు స్కేలు పెట్టి కొలిచాను, నల్లమట్టి ఒక కవర్‌లో కట్టుకున్నాను. కాక బండికి ఆనుకుని పల్లీలు తింటూ చూశాడు.

"మట్టి ఎందుకే?"

"ఎంత నీళ్ళు పోస్తే ఎంత జారుతుందో చూడాలి కాకా."

"జారుతది. నీళ్ళు పోస్తే జారుతది. రాస్కో."

ఇంటికొచ్చి ఆ మట్టిని పళ్ళెంలో పిసికి, బొమ్మ కారు చక్రాలతో తొక్కించి, నాయనమ్మతో తిట్లు తిని, గేమ్‌లో ఆ బాటను గుంత గుంతగా కట్టాను. మొదటిసారి నడిపితే గేమ్ గీత నున్నగా వచ్చింది, నిజం గీత ముళ్ళకంచెలా ఉంది. ఆ గేమ్‌లో మొదట ఇచ్చే బురద అంతా ఒకటే రకం, పాయసంలా ఉంటుంది. నల్లమట్టిని పాయసం కాదు, బంక చెయ్యాలి. అంకెలు మారుస్తూ పోయాను, మారుస్తూ పోయాను, కాలేజీ బస్సులో కూడా అదే, ఒక మధ్యాహ్నం రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

గేమ్‌లో నీళ్ళు ఒలకవు, అందుకని సీటులో ఒక లోతు లేని పళ్ళెం పెట్టి అందులో గోళీ వేశాను. గోళీ పడిపోతే ఒలికినట్టు. మెల్లగా పోతే గోళీ ఉంటుంది, బండి నల్లమట్టిలో చస్తుంది. జోరుగా పోతే బండి దాటుతుంది, గోళీ ఎటో పోతుంది. టైర్ల గాలి తీశాను, కొంచెం నయం. అప్పుడు తట్టింది. పికప్ వెనక చక్రాలకి స్ప్రింగుల్లా ఉండే కమాన్ పట్టీలు బరువు మొయ్యడానికి చేసినవి, ఖాళీగా ఉంటే అవి వంగవు, ప్రతి రాయినీ నేరుగా సీటుకి చెబుతాయి. బరువు వేస్తే అవి వంగి మెత్తబడతాయి. మరీ వేస్తే బండి దిగబడుతుంది. వెనక దాణా బస్తాలు ఒక్కొక్కటే పెంచుతూ పోయాను, ఒక చోట గోళీ పళ్ళెం మధ్యలో చిన్నగా ఊగుతూ, ఊగుతూ, కొట్టం దాకా వచ్చేసింది. పరుగెత్తి పోయి తాతకి చెప్పాను.

తాత నా వైపు చాలాసేపు చూశాడు. "గోళి పడలేదా?"

"పడలేదు తాతా."

"మంచిగ సూసినవా?"

"ఎన్నిసార్లు నడిపినా పడలేదు."

ఆ సాయంత్రం తాత కాకకి ఫోన్ చేసి, బిజిలీ మేత తిన్నదా, పొదుగు దిగిందా, అని అడిగి, చివర్లో ఏదో ముఖ్యం కాని సంగతిలా, "నా తెల్ల అంగి ఆడనే ఉన్నట్టుంది, ఉతికిపియ్యి" అన్నాడు.

ఆదివారం. కాక పొద్దుటి పాలు పోసేశాక బండిలో నా లెక్క ప్రకారం దాణా బస్తాలు వేశాం. నాయనమ్మ క్యాను తానే నింపింది, మా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సీటులో పెట్టి నా చున్నీతో బెల్టుకి కట్టాను. కాక తొంగి చూసి నెమ్మదిగా అన్నాడు, "అమ్మ నిండ పొయ్యలే. నాలుగు వేళ్ళ మందం ఒదిలింది."

"చెయ్యి నొప్పి పెట్టిందేమో కాకా."

"ఏమో," అన్నాడు కాక.

ముందు సీటు క్యానుది కాబట్టి నేను వెనక బస్తాల మీద కూర్చున్నాను. పట్టీలు ఎలా వంగుతున్నాయో వంగి చూస్తూ, ఫోన్‌లో మట్టిబాట లెక్కలు మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ. లాల్‌దర్వాజ, చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్, ఎక్కడా తల ఎత్తలేదు. నా గుండె అంతా నల్లమట్టి దగ్గరుంది. డాంబర్ చివర కాక బండి ఆపాడు. టైర్ల గాలి తియ్యడానికి దూకి, ముందు తలుపు తెరిచాను. తలుపు సందులోంచి నీళ్ళు నా చెప్పుల మీద పడ్డాయి.

సీటు తడి. కింద పట్టా తడి. క్యానులో నీళ్ళు సగానికి కొంచెం పైన ఉన్నాయి.

"కాకా, ఇదేంది?"

"ఏంది అంటే? నీళ్ళు."

"ఎక్కడ ఒలికాయి?"

కాక వేళ్ళు ముడిచి చెప్పుకుంటూ పోయాడు. "గల్లీ మూలకు మ్యాన్‌హోల్ కాడ కొన్ని. లాల్‌దర్వాజ స్పీడ్ బ్రేకర్ల కాడ మస్తుగ. చాంద్రాయణగుట్ట కాడ పైప్‌లైన్‌కు తవ్వి పెట్టిన్రు గదా, ఆడ ఇగ నా ప్యాంటు తడిసింది."

"మరి చెప్పవా?"

"నువ్వు బురద సంగతే గద అడిగినవ్. ఊర్ల సంగతి అడగలే. నేను గుడ అసలు పరీక్ష ఈడికెల్లి అనుకున్న."

నిజమే. నేను యాప్ ఆన్ చేసిందే డాంబర్ దిగాక. మా ఇంటి గడప నుంచి ఇక్కడి దాకా ఉన్నది నాకు రోడ్డే, రోడ్డు అంటే లెక్కలోకి రాని వస్తువు, బురద దగ్గరికి తీసుకుపోయేది. తాత నడుముకి ఆ సంగతి తెలియదు. దానికి చెరువు గుంతయినా ఒకటే, లాల్‌దర్వాజ స్పీడ్ బ్రేకరైనా ఒకటే.

ఏడుపొచ్చింది కానీ వచ్చినవాళ్ళం వచ్చాం. పక్క చేను బోరు దగ్గర క్యానును నాయనమ్మ పోసిన మట్టం దాకా మళ్ళీ నింపాను. అప్పుడు చూశాను, క్యానులో నీళ్ళు కొంచెం తెల్లగా ఉన్నాయి. బోరు నీళ్ళు పడేసరికి ఆ తెలుపు విరిగి పలచబడింది.

కాక కూడా చూశాడు. "చెంచెడు పాలు కలిపింది," అన్నాడు. "నడుమ మనం నీళ్ళు పోస్తమని. పాలల్ల నీళ్ళు పట్టుడు గాదు, నీళ్ళల్ల నీళ్ళు పట్టుకుంటది మా అమ్మ."

గాలి తీశాం. కాక నా లెక్క ప్రకారమే నడిపాడు. ఎర్రమట్టి మీద నేను చెప్పిన వేగం, నల్లమట్టి ముందు కొంచెం ఊపు, లోపల యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండా. ఈసారి నేను బస్తాల మీద నుంచి క్యాబిన్ వెనక అద్దం లోంచి క్యానునే చూశాను. నీళ్ళు ఒక పక్కకి వాలాయి, ఆలోచించుకున్నట్టు ఆగాయి, ఇంకో పక్కకి వాలాయి. అంచు దాకా వచ్చి వెనక్కి పోయాయి. బండి నల్లమట్టిలోంచి బుస్సుమని మూలుగుతూ బయటికి వచ్చింది. ఒక్క చుక్క పోలేదు. గేమ్‌లో గోళీ ఎలా ఊగిందో అచ్చం అలాగే ఊగాయి నీళ్ళు. నా ఒళ్ళంతా బురద చిమ్మింది. నా జీవితంలో మొదటి నిజం బురద అది, ఎన్నేళ్ళ నుంచి కోరుకున్నానో, దాన్ని తుడుచుకోవడం కూడా మర్చిపోయాను. సంతోషం ఇంత బరువుగా ఉంటుందని తెలియదు.

మలుపు దగ్గర కాక హారన్ కొట్టాడు, రెండు పొట్టివి, ఒక పొడుగుది. అది తాత హారన్. తాత ఉన్నప్పుడు ఆయనే చెయ్యి చాచి కొట్టేవాడట. కొట్టంలో మిగిలిన బర్రెలు తలలు తిప్పలేదు. చివరి గుంజ దగ్గర పడుకున్న బిజిలీ ముందు కాళ్ళ మీద, తర్వాత వెనక కాళ్ళ మీద, అంత కడుపుతో, మెల్లగా లేచి నిలబడింది. బండి డ్రైవర్ తలుపు వైపు కాదు, ఇటు, తాత దిగే తలుపు వైపు చూస్తోంది.

నేను ఆ తలుపు తెరిచాను. సీటులో క్యాను ఉంది.

బిజిలీ కట్టు తాడు అందినంత దూరం ముందుకు వచ్చింది. ముక్కు చాపి గాలి పీల్చింది. కాక దాని దగ్గరికి పోయి కొమ్ముల మధ్య గోకుతూ, "రాలేదే, రాలేదు," అన్నాడు. అది కాకని పక్కకి నెట్టి తలుపు వైపే చూసింది. నేను తలుపు వెయ్యలేకపోయాను, తీసి ఉంచలేకపోయాను.

"రోజూ గింతేనా కాకా?"

"బండి చప్పుడయితే లేస్తది," అన్నాడు కాక. "బాపుకు చెప్పలే."

తిరిగి వచ్చేటప్పుడు మట్టిబాట మీద మళ్ళీ ఒక్క చుక్క పోలేదు. ఊళ్ళోకి వచ్చాక మళ్ళీ అదే కథ. ఇంటి ముందు దింపిన క్యానులోకి నాయనమ్మ చెయ్యి పెట్టింది, నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకుని వెలుతురుకి చూసింది.

"నీళ్ళు కలిపిన్రు."

"కలిపినం," అన్నాను. "మోసానికి కాదు నాయనమ్మా. బురద పరీక్ష వేరే చెయ్యడానికి." జరిగిందంతా చెప్పాను. ఎక్కడ ఒలికిందో, ఎక్కడ ఒలకలేదో, ఏదీ దాచకుండా. ఆమె క్యానును వంచి మిగిలిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోసింది.

"నా మాటే అన్న గదా," అంది. గెలిచిన గొంతు కాదు అది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ తుడుచుకుంటూ నిలబడింది, చెయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

లోపల తాత అన్నీ విన్నాడు. నేను పోయి మంచం పక్కన కూర్చుంటే, మొదట అడిగింది, "బురదల?"

"ఒక్క సుక్క పోలే తాతా." ఆయన దగ్గర నా మాట కూడా ఆయన మాటలాగే వస్తుంది.

"అది లేసిందా?"

కాక చెప్పొద్దన్నట్టు నా వైపు చూశాడు. కానీ తాత కళ్ళు నా మీద ఉన్నాయి.

"లేసింది. తలుపు దిక్కు సూసింది."

"నన్ను ఆ గేమ్ ముంగట కూసోబెట్టు," అన్నాడు తాత.

ఇన్నాళ్ళూ ఆయన ఆ గదిలోకి తొంగి కూడా చూడలేదు. కాక ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాం, వీపు వెనక దిండు పెట్టాం. తెర మీద డాంబర్ చివర, ఎర్రమట్టి, దూరంగా చెరువు. తాత స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు. పది నిముషాలు నేర్పాలనుకున్నాను, అవసరం పడలేదు. పెడల్ మీద ఆయన కాలు పసిపిల్లని తొక్కకుండా దాటినట్టు ఉంది.

"ఈడ తుమ్మచెట్టుండాలె."

"పెట్టలేదు తాతా. దానికి బండితో పని లేదు కదా."

"ఊఁ," అన్నాడు. నల్లమట్టి వచ్చింది. నేను ఊపు, ఊపు అంటున్నా వినలేదు, మెల్లగానే దిగాడు, బండి మునిగింది. వెనక్కి తీసి, మళ్ళీ మెల్లగానే దిగాడు. "తాతా, గట్టిగ తొక్కు. ఇందులో క్యాను లేదు, పాలు లేవు, ఏం ఒలకదు."

"కాలు వింటలేదు బిడ్డా," అన్నాడు. "బండి ఎక్కినంక పాలుంటయి. కాలుకు గంతే తెలుసు."

మూడోసారి నేను పక్క నుంచి నా పాదం ఆయన పాదం మీద పెట్టి కొంచెం నొక్కాను. దాటాం. మలుపు దగ్గర ఆయన బండి ఆపి, "హారన్ యాడుంది?" అన్నాడు. చూపించాను. రెండు పొట్టివి, ఒక పొడుగుది. గేమ్‌లో నేను పెట్టింది ఏదో పెద్ద లారీ హారన్, గది అదిరింది. తాత నవ్వాడు. నడుం పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి, అయినా నవ్వాడు.

"గీ హారన్‌కు అది లెవ్వదు."

నవ్వు ఆగాక కూడా తెర వైపే చూస్తూ ఉన్నాడు. కొట్టం అని నేను పెట్టింది ఒక బూడిదరంగు డబ్బా. లోపల ఏమీ లేదు. బండి బరువు, మట్టి బంక, పట్టీల వంపు, అన్నీ నిజం చేశాను, గుంజ దగ్గర మాత్రం ఎవరినీ పెట్టలేదు. తాత ఇంజన్ ఆపేశాడు. స్టీరింగ్ మీద చేతులు తియ్యకుండా, ఎవరైనా లేచి వస్తారేమో అన్నట్టు, అలా కూర్చున్నాడు.

గడపలోంచి నాయనమ్మ అడిగింది, "ఇందుల ఇంటికాడికెల్లి ఎందుకు లేదు?"

"ఏది?"

"రోడ్డు. డాంబర్ దిగినకాడికెల్లి ఉన్నది. మన గడప కాడికెల్లి ఎందుకు లేదు? ఏ గుంత యాడున్నదో నాకెర్క. పాలు నెత్తి మీద మోసిన తొవ్వ అది. నేను జెప్త, నువ్వు ఎక్కియ్యి. ఏ స్పీడ్ బ్రేకర్ పక్కకెల్లి సందుందో, ఏ గల్లీల పోతే మ్యాన్‌హోల్ తగలదో సూద్దం." తర్వాత, ఎవరికీ కాకుండా అంది, "క్యాను మళ్ళ నింపుత."

మరుసటి పొద్దున ఇద్దరం బయల్దేరాం. నేను ఫోన్ పట్టుకుని, ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని. మ్యాన్‌హోల్ మూత ఎంత లేచిందో చెప్పింది, ఏ మలుపులో నల్లా పైపు పగిలి రోడ్డు కుంగిందో చెప్పింది. ఇరానీ హోటల్ ముందు స్పీడ్ బ్రేకర్‌కి ఎడమ వైపు బైకులోళ్ళు తవ్వుకున్న సందుంది, ఒక చక్రమైనా దాంట్లోంచి పోతుంది అని చెప్పింది. ఆటోవాళ్ళు హారన్ కొడుతుంటే రోడ్డు మధ్యలో నిలబడి, "జర ఠైరో భాయ్, బచ్చీ నాప్ లేరీ" అని, పిల్ల కొలత తీస్తోంది ఆగమని చెయ్యి అడ్డం పెట్టింది. లాల్‌దర్వాజ దాకా వచ్చాం. ఇంకా ఊరంతా మిగిలే ఉంది.

అప్పుడు కాక ఫోన్.

"పొద్దున్నుంచి మేత ముట్టలే. పడుకుంటుంది, లేస్తుంది. ఇయ్యాలనే ఈనేటట్టున్నది."

నాయనమ్మ నా ముఖం చూసి అర్థం చేసుకుంది. ఒక్క క్షణం ఇంటి వైపు, ఒక్క క్షణం చాంద్రాయణగుట్ట వైపు చూసింది. ఆ రోడ్డు పొడుగునా ఏముందో ఆమెకి తెలుసు. "నడువ్," అంది, ఇంటి వైపే.

తాత దగ్గర ఫోన్ స్పీకర్ పెట్టాం. అక్కడ కాక ఫోన్‌ని బిజిలీ చెవి దగ్గర పట్టుకున్నాడు. తాత గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆ మాటలు మాకు అర్థమయ్యేవి కావు, కొంత తెలుగు, కొంత ఉర్దూ, కొంత నాలుకతో చేసే చప్పుడు. మధ్యలో ఆపి వినేవాడు. అవతల బరువైన ఊపిరి, గడ్డి నలిగే చప్పుడు, మళ్ళీ ఊపిరి. తాత నుదుటికి చెమట పట్టింది. నాయనమ్మ విసనకర్ర తీసుకుంది కానీ విసరడం మర్చిపోయింది.

చాలాసేపటికి అటు నుంచి తపుక్కుమని చప్పుడు, కాక గొంతు.

"పెయ్య బాపూ. పెయ్య దూడ. మంచిగున్నది. తల్లి గుడ మంచిగున్నది."

తాత కళ్ళు మూసుకున్నాడు. పెదవులు ఇంకా కదులుతున్నాయి. తర్వాత అడిగాడు, "నాకుతున్నదా?"

"నాకుతున్నది. ఆపుతున్నది, నాకుతున్నది."

"ఆపి ఎటు సూస్తున్నది?"

కాక ఫోన్‌ని తన నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బండి దిక్కు," అన్నాడు.

ఫోన్ పెట్టేశాం. నాయనమ్మ లేచి, జున్ను వస్తుందని ఇత్తడి గిన్నె తోమడానికి పోయింది. వాకిట్లో బూడిద రాపిడి చప్పుడు మొదలైంది. తాత మంచం అంచు పట్టుకుని, మొత్తం మనిషి, నా వైపు తిరిగాడు.

"యాడి దాక ఎక్కిచ్చినవ్ రోడ్డు?"

"లాల్‌దర్వాజ దాక తాతా."

"ఆడ మలుపు కాడ ఇంకో గుంతుంటది. కనవడదు," అన్నాడు. "మెల్లగ పో."